హౌస్ రూల్ పెట్టేముందు: ఒకరికి పెంచితే ఎవరికి తగ్గుతోంది?

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్లలో చాలామంది గేమ్ మాస్టర్లుగా ఆట నడుపుతున్నవాళ్లే. కాబట్టి టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రని ఆడిస్తూ పాచికలతో ఫలితం తేల్చుకునే రోల్ ప్లేయింగ్ గేమ్ గురించి విడమరిచి చెప్పి మీ టైమ్ తీసుకోను. పోరాటంలో వాడే శక్తుల మీద మనం సొంతంగా పెట్టుకునే రూల్స్, అంటే హౌస్ రూల్స్, ఆటకి ఎప్పుడు మేలు చేస్తాయి, ఎప్పుడు ఒక ఆటగాడి ఉత్సాహాన్ని చంపేస్తాయి అన్నదే ఈరోజు నా అంశం. ఉదాహరణలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ నుంచి, ముఖ్యంగా 2014 రూల్స్ నుంచి తీసుకుంటాను. మనలో ఎక్కువమంది చేతుల్లో నలిగిన ఆట అదే.

సొంత రూల్స్ పెట్టుకోవడం తప్పని నేను అనను. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి ఆటే, బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపు ఆటల రూల్స్‌ని మార్చుకుంటూ పోవడంలోంచి పుట్టింది. ఈమధ్య ఉదాహరణే చూడండి. 2014 రూల్స్‌లో గాయం మాన్పే మందు తాగాలంటే ఆ టర్న్‌లో చేయగలిగే ప్రధానమైన పని, అంటే యాక్షన్, దానికే ఖర్చయ్యేది. సగటున 7 పాయింట్ల ఆరోగ్యం కోసం దాడి మానుకోవడం ఎవరికీ నచ్చలేదు. చాలా టేబుల్స్, అంటే కలిసి ఆడే జట్లు, దాన్ని బోనస్ యాక్షన్‌గా, అంటే దాడితోపాటు అదే టర్న్‌లో చేయగలిగే చిన్న పనిగా, మార్చుకున్నాయి. 2024లో వచ్చిన సవరించిన రూల్స్ పుస్తకంలో అదే అసలు రూల్ అయింది. మంచి మార్పు. దానివల్ల ఇంకెవరి గొప్పతనమూ తగ్గలేదు కాబట్టే మంచి మార్పు అంటున్నాను.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఒక శక్తిని పెంచినా తగ్గించినా, అదే టేబుల్ దగ్గర కూర్చున్న ఇంకొకరి శక్తి విలువ మారుతుంది. ఆ ఇంకొకరు ఎవరో రూల్ పెట్టకముందే తెలుసుకోవాలి.

ఫంబుల్ రూల్ సంగతి చూద్దాం. ఇరవై ముఖాల పాచిక మీద 1 పడితే కత్తి జారిపోవడం, పక్కవాడికి తగలడం లాంటివి. వినడానికి సరదాగా ఉంటుంది. కానీ మొదటి లెవెల్ ఫైటర్, అంటే ఆయుధాలతో పోరాడే పాత్ర, టర్న్‌కి ఒక్క దాడి చేస్తాడు, అతనికి 1 పడే అవకాశం 5 శాతం. ఇరవయ్యో లెవెల్‌లో నాలుగు దాడులు చేస్తాడు. నాలుగింట్లో కనీసం ఒకటి 1 పడే అవకాశం 18.5 శాతం. నాలుగు రౌండ్ల పోరాటం జరిగితే 56 శాతం. అంటే ప్రపంచంలోనే గొప్ప యోధుడు దాదాపు ప్రతి రెండో పోరాటంలో కత్తి జారవిడుస్తాడన్నమాట! ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం వేసే విజార్డ్ దాడి పాచికే వెయ్యడు, తప్పించుకోవడానికి పాచిక వేసేది శత్రువులు. అతనికి ఈ రూల్ అంటదు. మంత్రగాళ్ల కన్నా యోధులు వెనకబడుతున్నారని బాధపడే టేబుల్స్‌లోనే ఈ రూల్ కనిపించడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఫంబుల్ కావాల్సిందే అనుకుంటే, టర్న్‌లో మొదటి దాడికే వర్తింపజేయండి. అనుభవం పెరిగేకొద్దీ శిక్ష పెరగడమైనా ఆగుతుంది.

ఇంతకన్నా చిక్కైనది ఫ్లాంకింగ్. శత్రువుకి అటొకరు ఇటొకరు నిలబడితే ఇద్దరికీ అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం. 2014 డంజన్ మాస్టర్ గైడ్‌లో ఇది ఐచ్ఛిక రూల్. దీన్ని పెట్టుకున్న టేబుల్‌లో కొన్నాళ్లకి వచ్చే ఫిర్యాదు ఏమిటంటే, "గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ మరీ ఎక్కువైపోయింది, దాన్ని తీసేయాలి" అని. ఫీట్ అంటే పాత్ర అదనంగా నేర్చుకునే ప్రత్యేక నైపుణ్యం, ఇది పెద్ద ఆయుధాలకి సంబంధించినది. లెక్క వేసి చూద్దాం.

అయిదో లెవెల్ ఫైటర్, పెద్ద కత్తి, దాడి పాచికకి 7 కలుస్తుంది. శత్రువు ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే పాచిక మొత్తం చేరాల్సిన సంఖ్య, 15. పాచిక మీద 8 లేదా ఆపైన పడాలి, అంటే 65 శాతం. తగిలితే సగటున 11 నష్టం. రెండు దాడులకి కలిపి టర్న్‌కి 14.3. (పాచిక మీద 20 పడి నష్టం పాచికలు రెట్టింపయ్యే దెబ్బల్ని, అంటే క్రిటికల్స్‌ని, లెక్కలోకి తీసుకోవడం లేదు.) పక్కనే అదే లెవెల్ రోగ్, అంటే చాటుగా దెబ్బతీసే పాత్ర, రేపియర్ అనే సన్నని కత్తితో ఒక్క దాడి. స్నీక్ అటాక్, అంటే అదను చూసి కొట్టినప్పుడు వచ్చే అదనపు నష్టం, కలిపితే సగటున 19 నష్టం, టర్న్‌కి 12.35. చూశారా, ఇద్దరూ దగ్గరగానే ఉన్నారు. స్నీక్ అటాక్ పాచికలు గుప్పెడు ఒకేసారి పడతాయి కనుక కళ్లకి ఎక్కువగా కనిపిస్తుంది, అంతే. దాన్ని తగ్గించాలనుకునే గేమ్ మాస్టర్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇప్పుడు ఫైటర్ ఆ ఫీట్ వాడాడు. దాడిలో 5 వదులుకుని నష్టంలో 10 పెంచుకుంటాడు. 40 శాతం, 21 నష్టం, టర్న్‌కి 16.8. పెరిగింది కానీ కొంపలేం మునగలేదు. పైగా ఆర్మర్ క్లాస్ 20 ఉన్న శత్రువు మీద ఇలా చేస్తే అతనికి నష్టమే. మామూలుగా కొడితే దాడికి 4.4, ఫీట్ వాడితే 3.15.

దీనికి ఫ్లాంకింగ్ కలపండి. 40 శాతం కాస్తా 64 శాతం అవుతుంది. ఫైటర్ టర్న్‌కి 26.9కి ఎగబాకుతాడు. అదే అడ్వాంటేజ్‌తో రోగ్ 16.7 దగ్గర ఆగుతాడు. ఫీట్ ఒక్కటే ఉన్నప్పుడు నాలుగున్నర ఉన్న తేడా పదికి పెరిగింది. అడ్వాంటేజ్ తేలిగ్గా దొరకనంతవరకు ఆ ఫీట్‌లో నిజమైన రిస్క్ ఉండేది. ఆ రిస్క్‌ని తీసేసింది మనం పెట్టిన రూలే. ఇక ఆవేశంగా పోరాడే పాత్ర అయిన బార్బేరియన్ పరిస్థితి చూడండి. రెక్‌లెస్ అటాక్‌తో అడ్వాంటేజ్ తెచ్చుకోవడానికి, తన మీద దాడి చేసేవాళ్లకీ అడ్వాంటేజ్ ఇచ్చి మూల్యం చెల్లిస్తాడు. ఫ్లాంకింగ్ వచ్చాక అదే లాభం అందరికీ రెండడుగులు పక్కకి జరిగితే ఊరికే దొరుకుతోంది. ఆ ఆటగాడు నోరు తెరిచి అడగకపోవచ్చు. కానీ తన పాత్ర చప్పబడిపోయిందని అతనికి తెలుస్తుంది.

ఫ్లాంకింగ్‌కి అడ్వాంటేజ్ బదులు దాడికి 2 కలపడం నాకు ఇష్టమైన దారి. పైన చెప్పిన ఫైటర్ 21 దగ్గర, రోగ్ 14.25 దగ్గర ఉంటారు. సరిగ్గా నిలబడినందుకు ఫలితం దక్కుతుంది, బార్బేరియన్ ప్రత్యేకత అతనికే మిగులుతుంది. 2024 పుస్తకం ఆ ఫీట్‌నే మార్చేసింది. దాడిలో 5 వదులుకోవడం లేదు, నష్టానికి లెవెల్‌తో పెరిగే ప్రొఫిషియెన్సీ బోనస్ మాత్రమే కలుస్తుంది.

కొన్నిసార్లు తప్పు శక్తిలో ఉండదు, రోజులో ఉంటుంది. పవిత్ర యోధుడైన పాలడిన్ మీద వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఇలాంటివే. అయిదో లెవెల్ పాలడిన్‌కి స్లాట్లు, అంటే లాంగ్ రెస్ట్ అనే పెద్ద విశ్రాంతితో నిండే మంత్రాల కోటా, మొదటి స్థాయివి నాలుగు, రెండో స్థాయివి రెండు. అన్నీ దెబ్బకి పవిత్ర శక్తి జోడించే డివైన్ స్మైట్‌కి వాడితే సగటున 63 అదనపు నష్టం. 2014 గైడ్ లెక్క ప్రకారం రోజుకి ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు. ఆరింటికి పంచితే ఒక్కోదానికి పదిన్నర, ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ మన టేబుల్స్‌లో చాలాసార్లు రోజుకి ఒక్క పోరాటమే జరుగుతుంది. మొత్తం 63 ఒక్క విలన్ నెత్తిన పడుతుంది. అప్పుడు స్మైట్‌ని కుదించడం కన్నా విశ్రాంతి రూల్ మార్చడం మేలు. షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు అనే ఐచ్ఛిక రూల్ అదే గైడ్‌లో ఉంది. షార్ట్ రెస్ట్‌తోనే శక్తులు తిరిగి తెచ్చుకునే వార్‌లాక్, మంక్ లాంటి పాత్రలు కూడా దీంతో మళ్లీ నిలదొక్కుకుంటారు.

క్రిటికల్ గురించి క్లుప్తంగా చెప్తాను. అదనపు పాచికలకి గరిష్ఠ విలువ ఇచ్చే రూల్ ఆటగాళ్లకి వరంలా కనిపిస్తుంది. కానీ ఒక రాక్షసుడు మూడు రౌండ్లు బతుకుతాడు, ఆటగాడి పాత్ర నెలల తరబడి దాడులు కాచుకోవాలి. 8 ఆరోగ్య పాయింట్లున్న విజార్డ్‌కి గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడి మామూలు క్రిటికల్ తగిలితే దాదాపు 72 శాతం సార్లు పడిపోతాడు. ఈ రూల్‌తో ప్రతిసారీ పడిపోతాడు. కావాలంటే ఆటగాళ్లకే ఇవ్వండి.

చివరిగా రూల్‌ని తెచ్చే పద్ధతి. పోరాటం మధ్యలో ఎప్పుడూ వద్దు. ఆట మొదలవకముందే చెప్పండి, లెక్క చూపించండి, రెండు మూడు సెషన్లు ప్రయత్నించి మళ్లీ మాట్లాడుకుందామని ముందే ఒప్పుకోండి. ఒకరి శక్తిని తగ్గించాల్సి వస్తే ముందు ఆ ఆటగాడితో విడిగా మాట్లాడండి. ఉదాహరణకి, అతను గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ కోసం నాలుగో లెవెల్‌లో బలం పెంచుకునే అవకాశాన్ని వదులుకుని ఉండొచ్చు. రూల్ మారిన రోజే ఆ ఫీట్‌ని వెనక్కి ఇచ్చి వేరేది తీసుకునే వీలు కల్పించండి, అవసరమైతే ఆయుధం కూడా మార్చుకోనివ్వండి.