ముల్లు నుంచి స్పీకరు దాకా: రికార్డ్ ప్లేయర్ సౌండు ఎక్కడ పోతోంది?

అందరికీ నమస్కారం.

రికార్డ్ ప్లేయర్‌లో సౌండు తగ్గితే చాలామంది ముందు అనుమానించేది యాంప్లిఫయర్‌ని. కొత్తది కొని తెచ్చి పెడతారు, పాట మాత్రం అంతే పీలగా వినిపిస్తుంది. గాడిలోంచి పుట్టే సిగ్నల్ అతి చిన్నది. అది మొదటి జానెడు దూరంలోనే పాడైతే ఆ తర్వాత ఎంత పెద్ద యాంప్లిఫయరైనా చేసేదేమీ ఉండదు. అందుకని ఇవాళ ముల్లు దగ్గర మొదలుపెట్టి, సిగ్నల్ నడిచే దారినే మనమూ నడుద్దాం.

ఎంత చిన్నదంటే, ఇప్పటి ప్లేయర్లలో ఎక్కువగా ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికని అయస్కాంతం సాయంతో సిగ్నల్‌గా మార్చే చిన్న భాగం) ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది. పైగా రికార్డు చెక్కేటప్పుడు బాస్‌ని తగ్గించి, ట్రెబుల్‌ని పెంచి చెక్కుతారు. లేకపోతే గాడి వెడల్పు పెరిగిపోయి ఒక వైపున పాటలు పట్టవు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. 20 హెర్ట్‌జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ పెంచి, 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర అంతే తగ్గించి, మొత్తం సిగ్నల్‌ని దాదాపు 100 రెట్లు పెంచే పని ఫోనో ప్రీయాంప్ అనే సర్క్యూట్‌ది.

కాబట్టి సౌండు తక్కువగా ఉంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న: బాస్ ఉందా, లేదా? మీకు బాగా అలవాటైన కచేరీ రికార్డు పెట్టండి. మృదంగం ఎడమవైపు నుంచి వచ్చే గుమ్మనే నాదం వినిపించకుండా టకటకలే మిగిలాయంటే ప్లేయర్ వైరు ఆక్స్‌లో (యాంప్లిఫయర్ మీది మామూలు ఇన్‌పుట్ సాకెట్‌లో) గుచ్చి ఉంది, మధ్యలో ఫోనో ప్రీయాంప్ లేదు. బాస్, ట్రెబుల్ పాళ్ళు సరిగానే ఉండి మొత్తం సౌండే చిన్నదైతే, అది అర మిల్లీవోల్టు కూడా ఇవ్వని మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ కావచ్చు. దానికి 1000 రెట్లు పెంచే ప్రీయాంప్ కావాలి. సౌండు హోరెత్తి, బాస్ ముద్దగా, గొంతు పగిలిపోతుంటే ప్రీయాంప్ రెండుసార్లు, అంటే ప్లేయర్‌లో ఒకటి, యాంప్లిఫయర్‌లో ఒకటి, పడుతోంది. లోపలే ప్రీయాంప్ ఉన్న చాలా ప్లేయర్ల వెనక ఫోనో, లైన్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది లైన్‌లో ఉంటే వైరు ఆక్స్‌లోకి, ఫోనోలో ఉంటే యాంప్లిఫయర్ ఫోనో సాకెట్‌లోకి వెళ్ళాలి. ఈ ఒక్క స్విచ్ సరిచూడకుండానే రిపేరుకి తీసుకెళ్ళే ప్లేయర్లు చాలా ఉంటాయి.

ఇళ్ళలో అటకల మీంచి దింపే పాత పెట్టె ప్లేయర్ల సంగతి వేరు. వాటిలో ఉండేది క్రిస్టల్ లేదా సిరామిక్ కార్ట్రిడ్జ్. క్రిస్టల్ అంటే రోషెల్ సాల్ట్ అనే లవణపు పలక. అది నీళ్ళలో కరిగే పదార్థం. 55 డిగ్రీల వేడికే చెడిపోతుంది. విశాఖ గాలిలోని తేమకి, అటక మీది ఎండవేడికి అది బతకడం కష్టం. ముల్లు మార్చినా సౌండు గుసగుసలాగే వస్తోందంటే క్రిస్టల్ చచ్చిందనే అర్థం, దాన్ని బాగుచేయడం కుదరదు. సిరామిక్ కార్ట్రిడ్జ్ వేయించండి. అది వందల మిల్లీవోల్టులు ఇస్తుంది కాబట్టి ఫోనో ప్రీయాంప్ అక్కర్లేదు. కానీ దానికి 1 మెగాఓమ్ దాకా ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి యాంప్లిఫయర్ ఇన్‌పుట్ చూపే నిరోధం) కావాలి. తిన్నగా ఇప్పటి ఆక్స్‌కి తగిలిస్తే బాస్ మొత్తం ఎగిరిపోతుంది.

ఇక ఒక వైపు స్పీకరే పలుకుతుంటే, లేదా వచ్చి పోతుంటే? ప్లేయర్ నుంచి వచ్చే ఎరుపు, తెలుపు పిన్నులు రెండింటినీ యాంప్లిఫయర్ దగ్గర అటుదిటు మార్చండి. మార్చేముందు వాల్యూమ్ సున్నా చేయాలి. మూగతనం రెండో స్పీకరుకి మారితే తప్పు ప్లేయర్ వైపు. మారకపోతే యాంప్లిఫయర్‌లోనో స్పీకరు వైర్లలోనో. మారిందంటే హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్‌ని పట్టుకునే చిన్న తొడుగు) విప్పి చూడండి. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు సన్నటి వైర్లుంటాయి. తెలుపు ఎడమ, నీలం దాని గ్రౌండ్; ఎరుపు కుడి, ఆకుపచ్చ దాని గ్రౌండ్. విశాఖలో కిర్లంపూడి లేఅవుట్, లాసన్స్ బే కాలనీ, సాగర్ నగర్ లాంటి చోట్ల ఉప్పుగాలికి ఈ పిన్నుల మీద, హెడ్‌షెల్ వెనకున్న నాలుగు చుక్కల మీద మసకపొర పడుతుంది. మన ఊళ్ళో తరచుగా వచ్చే జబ్బు ఇదేనని నా అభిప్రాయం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి, పిండి, ఆ చుక్కల్ని రుద్దండి. బడ్ నల్లబడటం మీకే కనిపిస్తుంది. వైరు క్లిప్పుల్ని ట్వీజర్‌తో క్లిప్పు దగ్గరే పట్టుకుని పిన్ను మీంచి ఒకసారి తీసి మళ్ళీ ఎక్కించండి. వైరు పట్టుకుని లాగితే తెగుతుంది.

ఒక చానెల్ వైర్లు తిరగబడితే సౌండు తగ్గదు గానీ బాస్ పోతుంది, గొంతు గదంతా చెదిరినట్టు ఉంటుంది. మోనో రికార్డు పెడితే తేలిపోతుంది: గాయకుడు రెండు స్పీకర్ల నడుమ నిలబడి పాడుతున్నట్టు వినిపించాలి.

ఇప్పుడు నాణ్యత. స, శ, ష అక్షరాల దగ్గర గొంతు చీలుతోంది, బుసబుసమంటోంది అంటే ముందు ముల్లు కొన చూడండి. 10 రెట్ల భూతద్దంలో దూది ఉండలా దుమ్ము కనిపిస్తుంది. మెత్తటి కుంచెతో వెనక నుంచి ముందుకే తుడవాలి. అడ్డంగా తుడిస్తే ముల్లుని మోసే సన్నటి కడ్డీ వంగిపోతుంది.

దుమ్ము లేకపోతే ముల్లు బరువు, అంటే ముల్లు రికార్డు మీద మోపే బరువు చూడాలి. టోన్‌ఆర్మ్‌ని (కార్ట్రిడ్జ్‌ని మోసే పొడుగు చేతిని) వెనక బరువు తిప్పుతూ గాలిలో తేలేలా సర్ది, అంకెల రింగు సున్నాకి తెచ్చి, తర్వాత బరువూ రింగూ కలిపి తిప్పి కంపెనీ చెప్పిన గ్రాముల దగ్గర ఆపండి. ఆ సమయంలో యాంటీ స్కేటింగ్ (టోన్‌ఆర్మ్ రికార్డు మధ్యకి లాక్కుపోకుండా ఆపే సర్దుబాటు) సున్నా మీద ఉండాలి. అంతా అయ్యాక దాన్ని ముల్లు బరువుతో సమానమైన అంకెకి తిప్పుకోండి. చాలా కార్ట్రిడ్జ్‌లకి 1.5 నుంచి 2 గ్రాములు. చవక ప్లేయర్లలో వచ్చే వాటికి 3.5 గ్రాముల దాకా. బంగారం తూచే చిన్న డిజిటల్ తక్కెడతో తూచవచ్చు గానీ, దాని పళ్ళెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్ అయస్కాంతం లాగి తప్పు అంకె వస్తుంది. తేలిగ్గా పెడితే రికార్డు అరగదని చాలామంది నమ్మకం. ఇది తప్పు, దయచేసి వదిలేయండి. బరువు చాలని ముల్లు గాడి గోడల మధ్య ఎగిరెగిరి పడుతుంది. ఆ దెబ్బలకి గోడలు చెక్కుకుపోతాయి, ఆ బుస రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది.

మొదటి పాట శుభ్రంగా ఉండి ఆఖరి పాట మాత్రమే జీరబోతే కారణం వేరే. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ఎల్పీ అంచు దగ్గర గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21. అంత ఇరుకులో అంతే సంగీతం చదవాలంటే కార్ట్రిడ్జ్ ఏమాత్రం వంకరగా ఉన్నా కుదరదు. అలైన్‌మెంట్ ప్రొట్రాక్టర్‌ని (కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల పటాన్ని) కాగితం మీద ప్రింటు తీసుకోండి, కొలత సరిపోయిందో లేదో స్కేలుతో చూసుకోండి. మధ్య నుంచి 66 మిల్లీమీటర్లు, 121 మిల్లీమీటర్ల దగ్గర రెండు చోట్లా కార్ట్రిడ్జ్ గీతలకి సమాంతరంగా ఉండాలి.

హోరు గురించి ఒక హెచ్చరిక. గుయ్యిమనే 50 హెర్ట్‌జ్ హోరు వస్తే ప్లేయర్ సన్నటి గ్రౌండ్ వైరు ప్రీయాంప్ మరకి బిగించి ఉందో లేదో చూడండి. ఉన్నా పోకపోతే యాంప్లిఫయర్‌ని ప్లేయర్ పక్కనుంచి అర మీటరు జరపండి. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం కార్ట్రిడ్జ్‌లోకి చేరుతూ ఉండవచ్చు. హోరు పోతోంది కదా అని త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకడం మాత్రం ఎవరూ చేయవద్దు. అది ప్రాణం కాపాడే పిన్ను.

చిటపటల మాట. పొడిగాలి ఊళ్ళలో దానికి స్థిర విద్యుత్తు పెద్ద కారణం. మనకి తేమ ఎక్కువ కాబట్టి అది తక్కువ; ఇక్కడ చూడవలసింది బూజు. రికార్డుని దీపం ముందు వాలుగా పట్టుకుంటే తెల్లటి సాలెగూడు మచ్చల్లా కనిపిస్తుంది. వినైల్ రికార్డుని డిస్టిల్డ్ వాటర్, ఒక చుక్క డిటర్జెంటుతో గాడి వెంబడే తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ తుడిచి ఆరబెట్టండి. అట్ట తడిగా ఉంటే లోపలి కవరు మార్చండి, లేకపోతే బూజు మళ్ళీ పడుతుంది.

78 వేగం రికార్డుల్ని ఎల్పీ ముల్లుతో వేయకండి. వాటి గాడికి సుమారు 75 మైక్రాన్ల ముల్లు కావాలి. 18 మైక్రాన్ల ఎల్పీ ముల్లు గాడి అడుగున పాకుతూ చెత్తనే చదువుతుంది, పాట చిన్నగా, బరబర పెద్దగా వస్తాయి. ఇంకొకటి: అవి ఎక్కువగా లక్కతో చేసినవి. కాంటాక్టులు తుడవమన్న ఆల్కహాల్ వాటికి తగిలితే లక్క కరిగి గాడే చెరిగిపోతుంది. వాటిని నీళ్ళతోనే, లేబుల్ తడవకుండా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దేయండి.