బటన్ నొక్కే ముందు అడగాల్సిన ప్రశ్న

తోటి ఉపాధ్యాయులకు, ఈ సభకు వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

హైస్కూల్లో సైన్సు, లెక్కలు చెప్పేవాళ్లు ఎక్కడ కలిసినా ముందుగా వచ్చే ప్రశ్న, "మీ క్లాసులో ఏ యాప్ వాడతారు?" అని. దానికి జవాబు ఈరోజు చెప్తాను. కానీ యాప్ దగ్గర మొదలుపెడితే దారి తప్పుతామని నా నమ్మకం. సినిమా వచ్చేసింది కాబట్టి బడుల్లో పుస్తకాలకు త్వరలో కాలం చెల్లుతుందని థామస్ ఎడిసన్ 1913లోనే అన్నారు. తర్వాత రేడియో వచ్చింది, టీవీ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది. ఒక్కోటి వచ్చినప్పుడల్లా ఇలాంటి ఆశలే పెట్టుకున్నారు. వాటిని ఎక్కువగా వాడుకున్నది పిల్లలకు ఏదో ఒకటి చూపించడానికి. చూపించడానికి క్లాసులో ఎప్పుడూ కొరత లేదు. 40 మంది ముందు నిలబడ్డ టీచరుకు తెలియనిదల్లా, ఈ నిమిషంలో ఎవరికి ఏం అర్థమైంది, ఎవరికి తలకిందులుగా అర్థమైంది అన్నదే. పేపర్లు దిద్దేటప్పుడు తెలుస్తుంది. అప్పటికి పాఠం దాటిపోయి ఉంటుంది. టెక్నాలజీని నేను ముఖ్యంగా వాడేది ఈ సంగతి ముందే తెలుసుకోవడానికి.

ఒక పాఠం తీసుకుందాం. స్మార్ట్‌ఫోన్‌లో త్వరణాన్ని, అంటే వేగం ఎంత త్వరగా మారుతోందో, కొలిచే సెన్సర్ ఉంటుంది. ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటే తెర కూడా తిరిగేది దాని సాయంతోనే. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఆ సెన్సర్ ఇచ్చే అంకెల్ని అక్కడికక్కడే గ్రాఫుగా గీస్తుంది. ఫోన్‌ను బల్ల మీద కదలకుండా పెడితే గీత 9.8 దగ్గర, అంటే గురుత్వ త్వరణం విలువ దగ్గర, నిలబడుతుంది. అదే ఫోన్‌ను మీటరు ఎత్తు నుంచి మెత్తటి దిండు మీదకు వదిలితే, గాల్లో ఉన్న ఆ 0.45 సెకన్లూ గీత ఎక్కడుంటుంది?

ఫోన్ వదిలే ముందు ఇక్కడ ఆగాలి. ప్రతి విద్యార్థీ తన అంచనాను నోట్‌బుక్‌లో రాయాలి, పక్కన కారణం కూడా రాయాలి. చాలామంది 9.8 అనే రాస్తారు, "పడేటప్పుడే కదా గురుత్వ త్వరణం ఉండేది" అని. కొంతమంది అంతకంటే ఎక్కువ రాస్తారు. ఒకరిద్దరు మాత్రం, "కదలని ఫోన్‌కు 9.8 ఎందుకు చూపించింది, అసలు అదే అర్థం కావట్లేదు" అంటారు. ఆ రోజు క్లాసులో అన్నిటికంటే విలువైన మాట అదే. అప్పుడు ఫోన్ వదులుతాం. గీత సున్నా దగ్గరికి పడిపోతుంది. దిండుకు తగిలిన క్షణంలో ఒక్కసారి పైకి ఎగురుతుంది.

క్లాసంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడుతుంది. నిజానికి ఆ సెన్సర్ లోపల స్ప్రింగుల్లాంటి వాటికి కట్టిన చిన్న ద్రవ్యరాశి ఉంటుంది. బల్ల ఫోన్‌ను పైకి నెడుతున్నప్పుడు ఆ ద్రవ్యరాశి తన చోటు నుంచి కాస్త కిందికి జరుగుతుంది. స్వేచ్ఛగా పడుతున్నప్పుడు అన్నీ కలిసి పడతాయి కాబట్టి జరగదు, అందుకే సున్నా. భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో మనుషులు తేలుతూ కనిపించడానికీ కారణం ఇదే. అక్కడ గురుత్వాకర్షణ లేదని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఉంది, బాగానే ఉంది. కేంద్రం, మనుషులు కలిసి పడుతూనే ఉన్నారు. ఇదే గ్రాఫును ముందు అంచనా అడగకుండా చూపించి ఉంటే పిల్లలు తల ఊపి, సున్నా అని రాసుకుని ఊరుకునేవాళ్లు. తన ఊహ ఏమిటో కాగితం మీద పెట్టిన పిల్లకే అది తప్పిందని తెలుస్తుంది.

అంచనా అడిగినప్పుడు టీచరు చేయాల్సిన కష్టమైన పని ఒకటుంది: మాట్లాడకుండా ఉండటం. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను దాకానే ఆగుతున్నారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో గమనించారు. మూడు సెకన్లకు మించి ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. ఈ ఆగడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఇది లేకపోతే మాత్రం ఏ పరికరమూ పనికిరాదు.

అందరి జవాబులూ ఒకేసారి చూడటానికి నేను ప్లికర్స్ కార్డులు వాడతాను. ప్రతి విద్యార్థికీ ఒక గుర్తు ముద్రించిన కాగితం కార్డు ఉంటుంది. దాన్ని నాలుగు వైపుల్లో ఏ వైపు పైకి పెట్టి పట్టుకుంటే అది వాళ్ల జవాబు. టీచరు తన ఫోన్ కెమెరాను క్లాసు మీదుగా తిప్పితే చాలు. పిల్లల చేతుల్లో ఫోన్లు అక్కర్లేదు, గది మొత్తానికి ఒక్క ఫోన్ సరిపోతుంది. ఆ తర్వాత హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి పాటిస్తాను. మొదట ఎవరికి వాళ్లు జవాబిస్తారు. సరైన జవాబు ఇచ్చినవాళ్లు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే నేను వివరించను. వేరే జవాబు పెట్టినవాళ్లతో కూర్చుని వాదించమంటాను. మళ్లీ కార్డులు ఎత్తమంటాను. నేను చెప్తే ఎక్కనిది పక్క బెంచీ పిల్లాడు చెప్తే ఎక్కుతుంది, ఎందుకంటే వాడు ఆ తికమకలోంచి ఇప్పుడే బయటపడ్డాడు. ఎవరు ఏ జవాబు పెట్టారో పేర్లతో తెర మీద చూపించను. ఒక్కసారి చూపిస్తే చాలు, మర్నాటి నుంచి పిల్లలు స్నేహితుల కార్డు చూసి తమది తిప్పుకుంటారు.

లెక్కల్లో, బొమ్మలు గీసి కదిలించి చూసే జియోజీబ్రా అనే యాప్ నాకు పెద్ద అండ. త్రిభుజం, దాని మూడు శీర్షాల మీదుగా వెళ్లే పరివృత్తం గీసి, ఒక శీర్షాన్ని మెల్లగా లాగితే కేంద్రం త్రిభుజం లోపలి నుంచి కదులుతుంది, లంబకోణం రాగానే సరిగ్గా కర్ణం మధ్యబిందువు మీదికి వస్తుంది, ఇంకా లాగితే బయటికి పోతుంది. నల్లబల్ల మీద ఈ కదలికను చూపించలేం. కానీ "ఎందుకు మధ్యబిందువే?" అన్నది మాత్రం సుద్దముక్కతోనే, ఒక్కో అడుగూ రాస్తూ నిరూపించాలి. స్లైడ్ మీద నిరూపణ మొత్తం ఒకేసారి ప్రత్యక్షమైపోతుంది, ఆలోచించడానికి సమయం దొరకదు. చేత్తో రాసే వేగం పిల్లలు ఆలోచించే వేగానికి దగ్గరగా ఉంటుంది.

సిమ్యులేషన్ల, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాల, విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం, చాలా బాగుంటాయి. కంటికి కనిపించని అణువులకు, విద్యుత్ ప్రవాహానికి అవి తప్పనిసరి. దారం, రాయి దొరికే చోట లోలకాన్ని తెర మీద ఊపడం నాకు నచ్చదు. నిజం లోలకంతో మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు వస్తాయి. ఎందుకొచ్చాయని అడగడంతోనే పిల్లలకు కొలతంటే ఏమిటో అర్థమవుతుంది.

ఇక ఏఐ. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఇంటిపని గురించి టీచర్లందరికీ టెన్షనే. ఏఐ రాసిందో, విద్యార్థి రాసిందో పట్టిస్తామనే సాఫ్ట్‌వేర్లను నమ్మి పిల్లల మీద నింద వేయకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అలాంటి పరికరాన్ని 2023 జనవరిలో విడుదల చేసి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని జులైలో వెనక్కి తీసుకుంది. దొంగ అనిపించుకున్న నిజాయితీగల పిల్ల ఆ సబ్జెక్టును మళ్లీ ఇష్టపడటం కష్టం. ఇంట్లో రాసుకొచ్చిన దాన్ని క్లాసులో రెండు నిమిషాలు నోటితో వివరించమనండి, ఎంత అర్థమైందో అప్పుడే తెలిసిపోతుంది. ఏఐ ఇచ్చిన పరిష్కారాన్నే బోర్డు మీద రాసి తప్పు వెతకమనండి. అది ఎంత ధీమాగా తప్పు చెప్పగలదో పిల్లలు స్వయంగా చూడాలి. ఇంట్లో ఫోన్, నెట్ లేని పిల్లలుంటారు కాబట్టి వాటితో తప్ప కుదరని ఇంటిపని మాత్రం ఇవ్వకూడదు.

చదివింది గుర్తుండాలంటే మళ్లీ మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం మేలు. రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లకు ఎక్కువ గుర్తుంది; వారం తర్వాత అడిగితే తమను తాము పరీక్షించుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. అందుకే నా పీరియడ్ గత వారం పాఠం మీద మూడు కార్డు ప్రశ్నలతో మొదలవుతుంది. వాటికి మార్కులు ఉండవు.

మీ కుర్చీల మీద ఒక్కో కార్డు పెట్టించాను, తీసుకోండి. ఒక లోలకం పూర్తి ఊపుకు 2 సెకన్లు పడుతోంది. దాన్ని 4 సెకన్లు చేయాలంటే దారం పొడవును ఏం చేయాలి? ఏ: రెట్టింపు. బి: మూడు రెట్లు. సి: నాలుగు రెట్లు. డి: పొడవు మార్చక్కర్లేదు, బరువు పెంచితే చాలు. పక్కవాళ్లతో ఇప్పుడే మాట్లాడకండి. కారణం మనసులో అనుకుని కార్డు ఎత్తండి.