చట్టం చెరపకుండా న్యాయం మార్చిన ప్రీటర్లు

మిత్రులారా, రోమన్ న్యాయశాస్త్రం అనగానే అందరికీ జస్టీనియన్ చక్రవర్తి గుర్తొస్తాడు. ఆయన పుట్టడానికి శతాబ్దాల ముందే ఆ చట్టాన్ని నడిపించిన ప్రీటర్లు అనే రోమన్ న్యాయాధికారుల గురించి మాట్లాడాలని నా కోరిక.

క్రీ.పూ. 451-450లో రోములో పన్నెండు ఫలకాల శాసనం వెలువడింది. దాని కింద వేసే దావాలో మాట పొల్లుపోకూడదు. క్రీ.శ. రెండో శతాబ్దపు న్యాయవేత్త గైయస్ ఒక ఉదంతం రాశాడు. తన ద్రాక్షతీగలు నరికేశారని ఒకాయన దావా వేసి, వాదనలోనూ 'ద్రాక్షతీగలు' అన్నాడు. శాసనంలో ఉన్నది 'చెట్లు'. పాపం, దావా పోయింది!

కొనుగోళ్లలోనూ ఇదే చాదస్తం. ఇటలీలోని భూమి, బానిస, ఎద్దు వంటివి చేతులు మారాలంటే ఐదుగురు సాక్షులు, త్రాసు పట్టుకునే మనిషి, ఒక కంచు ముక్క ఉండి తీరాలి. ఆ తంతు జరగకపోతే, సొమ్ము చెల్లించి బానిసను ఇంటికి తెచ్చుకున్నా చట్టం దృష్టిలో యజమాని అమ్మినవాడే. ఏడాదిపాటు, భూమి అయితే రెండేళ్లు, అనుభవంలో ఉంచుకుంటే గాని హక్కు రాదు. ఈలోగా ఎవరైనా పట్టుకుపోతే?

అప్పుడు ఆదుకున్నది ప్రీటర్. క్రీ.పూ. 367లో ఏర్పడిన ఈ పదవి ఏడాదితో ముగుస్తుంది. చట్టం చేసే అధికారం ఆయనకు లేదు. అయితే ఏ తగాదా విచారణకు వెళ్లాలో, న్యాయనిర్ణేత ఏ ప్రశ్న తేల్చాలో రాసిచ్చేది ఆయనే. కొన్నవాడి విషయంలో ఆ పత్రంలో ఏం రాశారో చూడండి: 'ఏడాది గడువు నిండి ఉంటే ఆ బానిస ఇతనిదే అయ్యేదా? అయితే ఇతని పక్షాన తీర్పు చెప్పు.' నిండని గడువు నిండినట్టే! అమ్మినవాడే తిరిగి దావాకు దిగితే, 'అమ్మి అప్పగించావు కదా' అనే అభ్యంతరాన్ని చేర్చేవారు. పాత చట్టంలో అక్షరం కదల్లేదు, దాని పప్పులు మాత్రం ఉడకలేదు. ఇంతటి గడుసుతనం నాకు మరెక్కడా కనిపించలేదు.

పదవిలోకి వస్తూనే ప్రతి ప్రీటరూ తాను ఏయే దావాలు అనుమతిస్తాడో ప్రకటించేవాడు. తర్వాతివాడు దానిలో చాలా భాగం అలాగే ఉంచి, కొంత చేర్చేవాడు. హేడ్రియన్ చక్రవర్తి ఆజ్ఞపై న్యాయవేత్త జూలియానస్ ఆ ప్రకటనను స్థిరపరచడంతో ఈ చొరవకు తెరపడింది.

క్రీ.శ. 533లో వెలువడిన జస్టీనియన్ డైజెస్టు, పాత న్యాయవేత్తల రచనల నుంచి కూర్చిన యాభై పుస్తకాల సంకలనం. దాని కీర్తి అందరికీ తెలిసిందే. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ఆ కాలంలోనే ఆయన ఇచ్చిన మరో ఉత్తర్వు. త్రాసూ సాక్షుల తంతు జరగనందువల్ల అమ్మినవాడి దగ్గరే మిగిలిపోయే ఆ ఉత్త యాజమాన్యాన్ని ఆయన రద్దు చేశాడు. అది పొడుపుకథకు ఏమీ తీసిపోదని ఆ ఉత్తర్వులోనే విసుక్కున్నాడు.