సొట్టపడిన పాత స్టీల్ రోడ్ బైక్ కొనొచ్చా? రిపేరు తర్వాత నా రివ్యూ

నమస్కారం. ఈసారి రివ్యూకి కొత్త బండి కాదు, ఇదిగో, ఈ పాత స్టీల్ రోడ్ బైక్, అంటే రోడ్డు మీద వేగంగా తొక్కే సైకిల్. సెకండ్ హ్యాండ్, అదీ దెబ్బలు తిన్నది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కాస్త వెనక్కి వంగింది, పైన అడ్డంగా ఉండే టాప్ ట్యూబ్‌కి సొట్ట పడింది, సీటుని మోసే గొట్టం, అదే సీటు పోస్ట్, బిగుసుకుపోయింది, వెనక చక్రం బెండు. అన్నీ బాగుచేశాక ఎలా నడుస్తోందో చెప్తాను. అంతకన్నా ముందు, కొనేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టి చూడాలో చూపిస్తాను. తుప్పు చూసి భయపడి మంచి ఫ్రేమ్‌లు వదులుకునేవాళ్లున్నారు. పెయింటు మెరుపు చూసి ప్రమాదాన్ని ఇంటికి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు.

కెమెరా కిందికి తెస్తున్నాను. ఇది హెడ్ ట్యూబ్, హ్యాండిల్ కింద ముందుండే పొట్టి గొట్టం. దాని వెనక, పెడల్స్ వైపు ఏటవాలుగా దిగే డౌన్ ట్యూబ్ అడుగు భాగం. ఇక్కడ కళ్లతో పాటు బొటనవేలికీ పని చెప్పండి, మెల్లగా జరుపుతూ రండి. ముందు నుంచి గట్టిగా గుద్దుకున్న బండైతే జాయింటు దాటగానే చిన్న ఉబ్బు తగులుతుంది. దాని మీద పెయింటు అడ్డంగా, వెంట్రుకంత సన్నగా పగిలి ఉంటుంది. అలాంటిది తగిలితే బేరం అక్కడే ఆపేయండి. ట్యూబ్ మార్చడం తెలిసిన ఫ్రేమ్ బిల్డర్లు ఉంటారు, కానీ మామూలు బండికి ఆ ఖర్చు దండగ. ఈ ఫ్రేమ్ నున్నగా ఉంది. అందుకే రిపేరుకి పూనుకున్నాను.

తర్వాత దారం. వెనక ఇరుసు కూర్చునే చోట ఒక పక్క కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో పక్కకి బిగించి కట్టండి. సీటు కింద నిలువుగా ఉండే సీటు ట్యూబ్ దగ్గర దారానికీ ట్యూబ్‌కీ మధ్య దూరం రెండు వైపులా కొలవండి. ఒక మిల్లీమీటరు తేడాకి కంగారు అక్కర్లేదు. ఎక్కువైతే వెనక భాగం పక్కకి లాగేసిందన్నమాట. స్టీల్ గొప్పదనం ఇక్కడే ఉంది, చల్లగా ఉండగానే వంచి సరిచేయొచ్చు. అల్యూమినియం ఫ్రేమ్‌తో ఆ పని చేయొద్దు.

ఫోర్క్ సంగతి. బండిని పక్క నుంచి చూడండి. హెడ్ ట్యూబ్ వాలు ఏ గీతలో ఉందో ఫోర్క్ కాళ్ల పైభాగం అదే గీతలో దిగాలి, వంపు కింద మొదలవ్వాలి. ఇందులో పైనుంచే వెనక్కి పోయింది. హ్యాండిల్ తిప్పితే ఒక చోట బిగుతుగా, ఇంకో చోట వదులుగా ఉంటే లోపలి స్టీరర్, అంటే హెడ్ ట్యూబ్‌లోకి దూరే ఫోర్క్ గొట్టం కూడా వంగిందని అనుమానించాలి. అప్పుడు ఫోర్క్ మార్చడమే మంచిది. దీనికి స్టీరర్ తిన్నగానే ఉంది కాబట్టి ఫ్రేమ్ బిల్డర్ జిగ్‌లో, అంటే కదలకుండా పట్టే చట్రంలో పెట్టి కాళ్లు సరిచేశారు. ఈ పని ఇంట్లో చేయొద్దని గట్టిగా చెప్తున్నాను. ఫోర్క్ విరిగితే పడేది ముఖం మీదే.

ఇక సీటు పోస్ట్. నిజమైన యుద్ధం దీనితోనే. పోస్ట్ అల్యూమినియం, ఫ్రేమ్ స్టీల్. గ్రీజు లేకుండా ఏళ్లు గడిస్తే చెమట, వాన నీరు దిగి రెండూ తుప్పుతో అతుక్కుపోతాయి. పెనెట్రేటింగ్ ఆయిల్ పైనుంచి పోయండి, బండిని తలకిందులు చేసి పెడల్ ఇరుసు గొట్టం వైపు నుంచి కూడా పోసి నాననివ్వండి. వేడికి అల్యూమినియం స్టీల్ కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, చల్లబడితే అంతే ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకే నేను పోస్ట్‌కి ఐస్ పెట్టాను. పోస్ట్ తలని బెంచ్ వైస్‌లో బిగించి, ఫ్రేమ్‌నే పొడవాటి పిడిలా పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. ముందు కిర్రుమంటుంది, తర్వాత అంచు నుంచి తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి కనబడిందంటే పని అయినట్టే. తొందరపడి ఒకేసారి బలం పెడితే ట్యూబ్ మెలిపడుతుంది.

బయటికొచ్చిన పోస్ట్ మీద 27.2 అని ఉంది, అంటే మిల్లీమీటర్లలో వ్యాసం. నాకు చాలా ఆనందం వేసింది. ఫ్రేమ్ మీద రేనాల్డ్స్ 531 స్టిక్కర్ ఉంది. 1935లో వచ్చిన మాంగనీస్ మాలిబ్డినం స్టీల్ అది. స్టిక్కర్ ఎవరైనా అతికించొచ్చు, కొన్నిటి మీద మూడు పెద్ద ట్యూబులు మాత్రమే 531 అని కూడా రాసి ఉంటుంది. కానీ మామూలు 28.6 మిల్లీమీటర్ల సీటు ట్యూబ్‌లో 27.2 పోస్ట్ పట్టాలంటే గోడ పల్చగా ఉండాల్సిందే. అందుకే స్టిక్కర్ నిజమేననిపించింది.

టాప్ ట్యూబ్ సొట్టని అలాగే వదిలేశాను. హ్యాండిల్ తిరిగి తగిలిన సొట్ట, లోతు లేదు, అంచులు గుండ్రంగా ఉన్నాయి. పదునైన మడతైతే ఒప్పుకునేవాణ్ని కాదు.

పెడల్ ఇరుసు కప్పులు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంగ్లిష్ మరలుంటే చైన్ వైపు కప్పు ఉల్టా తిరుగుతుంది, ఇటాలియన్‌లో రెండు వైపులా మామూలుగానే. తెలుసుకోకుండా రెంచి మీద నిలబడకండి. బాల్స్ అన్నీ కొత్తవి వేయండి, చవకే.

వెనక ఇరుసు కూర్చునే చోట ఫ్రేమ్ వెడల్పు 126 మిల్లీమీటర్లు. తర్వాతి కాలపు రిమ్ బ్రేక్ రోడ్ హబ్‌ల (చక్రం మధ్య భాగాల) కోసం 130కి వెడల్పు చేయొచ్చు, చాలామంది చేస్తారు. నేను చేయలేదు. వెనక చక్రానికి ఆరు గేర్ల పళ్ల చక్రాలు (ఫ్రీవీల్), డౌన్ ట్యూబ్ మీద గేరు లివర్లు, ఇవే దీని అందం. రిమ్‌లు మాత్రం మార్చాను. క్రోమ్ స్టీల్ రిమ్ తడిస్తే బ్రేక్ పట్టదు, అది పాతకాలపు అందం కాదు, ప్రమాదం. పాతవి 27 అంగుళాలవి, టైరు కూర్చునే వ్యాసం 630 మిల్లీమీటర్లు. కొత్తవి 700సీ అనే సైజువి, ఆ వ్యాసం 622. బ్రేక్ షూ 4 మిల్లీమీటర్లు కిందికి అందాలి. కొనే ముందు మీ బ్రేకుల్లో అంత చోటుందో లేదో చూసుకోండి.

ఎలా నడుస్తోంది? గతుకుల మీద చేతులకి వచ్చే అదురు చాలా తక్కువ. చేతులు వదిలినా తిన్నగా పోతోంది, అంటే రిపేరు సరిగ్గా కుదిరింది. ఎక్కుడు దారిలో బరువు తెలుస్తుంది, గేర్లు చాలవు. రేసుల కోసమైతే దీని జోలికి రావద్దు. రోజూ తిరగడానికి, సొంత చేత్తో పని నేర్చుకోవడానికి మాత్రం కళ్లు మూసుకుని చెప్తాను, తీసుకోండి. సరిచేయించిన ఫోర్క్‌తో తిరిగేవాళ్లు ప్రతి రైడ్‌కి ముందు ఫోర్క్ కాళ్లు పైన కలిసే చోట పెయింటు చూడండి. కొత్త పగులు కనబడితే ఆ రోజు బండి తీయకండి, ఫోర్క్ మార్చాకే ఎక్కండి.