సైరన్ మోగిందా, రన్‌వే ఖాళీ చేయాల్సిందే: తువాలు ప్రయాణం

హోస్ట్: అన్నా, పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవుల దేశం తువాలు వెళ్లాలంటే మన హైదరాబాద్ నుంచి దారేది?

అతిథి: ముందు ఫిజీ చేరాలమ్మా. సింగపూర్ మీదుగా అక్కడి నాడి నగరానికి విమానం ఉంది. ఫిజీ నుంచి ఏటీఆర్ 72, అదే రెండు ఫ్యాన్ల చిన్న విమానం, ఫిజీ రాజధాని సువా నుంచి అయితే రెండున్నర గంటల్లో తువాలు రాజధాని ఫునాఫుటిలో దించుతుంది. రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే. అందుకే తిరుగు ప్రయాణంలో ఫిజీలో రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి. విమానం రద్దయితే మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే.

హోస్ట్: ఫిజీలో మనవాళ్లు ఉన్నారుగా?

అతిథి: ఉన్నారు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటలకు కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వీలైతే అక్కడ ఓ రోజు ఆగండి.

హోస్ట్: ఫునాఫుటిలో విమానం దిగే ఆ రన్‌వే సంగతి చెప్పన్నా.

అతిథి: 1943లో రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికా సైన్యం వేసింది. దేశం మొత్తం కలిపినా 26 చదరపు కిలోమీటర్లే, అందులో ఇంత చదునైన ఖాళీ జాగా మరోటి లేదు. సాయంత్రం ఎండ తగ్గగానే జనమంతా అక్కడే. పిల్లలు ఫుట్‌బాల్, పెద్దలు వాలీబాల్, మధ్యలోంచి బైకులు. ఉక్కపోత రాత్రుల్లో చాపలు పరుచుకుని పడుకునేవాళ్లూ ఉంటారు. విమానం వచ్చే ముందు సైరన్ మోగుతుంది. అంతే, బంతులు, బైకులు అన్నీ పక్కకి. విమానం వెళ్లిపోయాక ఆట మళ్లీ మొదలు. నాకు ఈ దేశం మీద ప్రేమ పుట్టింది అక్కడే.

హోస్ట్: ఊళ్లో తిరగడానికి?

అతిథి: బైకు అద్దెకు తీసుకోండి, చాలు. ఫునాఫుటిలో ప్రధాన దీవి ఫోంగాఫాలే. అది పన్నెండు కిలోమీటర్ల పొడవు, కానీ బాగా సన్నం. కొన్నిచోట్ల రోడ్డు మీద నిలబడితే ఒకవైపు మహాసముద్రం అలలు, ఇంకోవైపు కదలని లగూన్ నీళ్లు, అంటే దీవుల మధ్య ఉండే ఉప్పునీటి సరస్సు. లగూన్‌కి పడమటి వైపు రక్షిత ప్రాంతం ఉంది, పడవ మాట్లాడుకుని తప్పకుండా వెళ్లండి. వాడేది ఆస్ట్రేలియా డాలరే. ఏటీఎంలు 2025లోనే వచ్చాయి, కాబట్టి నగదు దగ్గర పెట్టుకోండి.

హోస్ట్: మిగతా దీవులకి?

అతిథి: మిగతా ఎనిమిదింటికీ విమానం లేదు, ఓడే దిక్కు. చాలాచోట్ల ఓడ ఒడ్డుకు రాలేదు, పగడపు దిబ్బ అడ్డం. దూరంగా ఆగితే మనుషులు, బియ్యం బస్తాలు, అన్నీ చిన్న పడవల్లోకి దించుతారు. వాతావరణం బాగోలేకపోతే ఓడ తేదీ మారుతుంది. సెలవు వారమే ఉంటే ఫునాఫుటి దాటొద్దు. నెల రోజులుంటే మాత్రం దిగగానే ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో కనుక్కోండి, మిగతా ప్లాన్ అంతా దాన్నిబట్టే వేసుకోండి.