కడప నుంచి సేలానికి గాలిలో ఎంత దూరం?

శ్రోతలకు నమస్కారం. కడపలో పుట్టిల్లు, సేలంలో అత్తిల్లు, కాపురం మాత్రం చెన్నైలో. అలాంటి ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. ఫోన్‌లో వెతికితే దశాంశాలతో సహా అంకె వస్తుంది. దాన్ని మనమే రాబట్టవచ్చు. కాగితం, పెన్సిలు తీసుకోండి.

కడప విమానాశ్రయం 14 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 46 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. సేలం విమానాశ్రయం 11 డిగ్రీల 47 నిమిషాలు, 78 డిగ్రీల 4 నిమిషాలు. ఇవి గడియారం నిమిషాలు కావు, డిగ్రీలో అరవయ్యో వంతులు. అక్షాంశాల తేడా 164 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషమంటే ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. కాబట్టి 164 మైళ్లు.

రేఖాంశాల తేడా 42 నిమిషాలు. దీన్ని ఉన్నదున్నట్టు మైళ్లనుకోకూడదు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. ఈ రెండు ఊళ్ల నడుమ అక్షాంశమైన 13 డిగ్రీల దగ్గర 0.97తో గుణించాలి. 41 వస్తుంది. ఈ రెండూ లంబకోణ త్రిభుజం భుజాలు, మనకు కావలసింది కర్ణం; అందుకే వర్గాలు కలపాలి. 164 వర్గం 26,896, 41 వర్గం 1,681. మొత్తం 28,577కు వర్గమూలం 169. కిలోమీటర్లలో 313. వేల కిలోమీటర్ల దూరాలకు ఈ చదును లెక్క చాలదు, గోళం లెక్క వేయాలి.

ఎక్కువమంది తప్పు చేసేది ఒక్కచోటే. 14 డిగ్రీల 31 నిమిషాలను 14.31 అని కొడతారు. డిగ్రీకి 60 నిమిషాలు కనుక అది 14.52. ఆ ఒక్క చుక్కతో కడప విమానాశ్రయం 23 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది! ఇక ఫోన్ చూపే దశాంశాలంటారా, అవి అలంకారమే. విమానాశ్రయం స్థానమంటే సాధారణంగా రన్‌వే నడిమధ్య ఉన్న బిందువు. విమానం నేల విడిచేది అక్కడే కానక్కర్లేదు.

చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్ 72 విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన 313 కిలోమీటర్లకు 38 నిమిషాలు. విమానం రన్‌వే దాకా నేల మీద కదలడం, పైకెక్కడం, దిగేముందు తిరగడం కలిపి మరో పదిహేను, ఇరవై నిమిషాలు వేసుకోండి. ఎదురుగాలి గంటకు 50 కిలోమీటర్లుంటే ఇంకో నాలుగు.

ఇదంతా నేరుగా విమానం ఉంటేనే. లేకపోతే చెన్నై మీదుగా: కడప నుంచి చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం 226 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి సేలం 265, మొత్తం 491. అయినా దూరం కన్నా బాధపెట్టేది మధ్యలో నిరీక్షణే. రెండు విడి టికెట్లు కొంటే మీనంబాక్కంలో సామాను తీసుకుని మళ్లీ చెక్ఇన్ చేయాలి. విమానానికి గంట ముందే కౌంటరు మూసే సంస్థలున్నాయి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బుకు ఎవరూ పూచీ పడరు. అందుకని వీలున్నంతవరకు రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ కింద ఉండేలా టికెట్ తీసుకోండి.