బీపీ మాత్ర అంటే ఏ మాత్ర?

అందరికీ నమస్కారం. టైమ్ పొద్దున ఆరున్నర, బయట ఇంకా చీకటే. కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. హీటర్ వేసుకుని, అవి మామూలయ్యేలోపు మీతో మాట్లాడదామని కూర్చున్నా. ఇది అయోవా రాష్ట్రం, డిమోయిన్. ఇక్కడికి వచ్చి ఇది ఆరో వారం, మొత్తం 13 వారాల నర్సు కాంట్రాక్టు. మా ఇల్లు డాలస్ పక్కన. ఐ-35 హైవే ఎక్కితే ఓక్లహోమా సిటీ, విచిటా, కాన్సస్ సిటీ మీదుగా ఇక్కడిదాకా ఒకటే రోడ్డు. డిక్కీలో చిన్న కుక్కరు, పోపులపెట్టె, గోంగూర పచ్చడి సీసా, నాలుగు జతల స్క్రబ్స్, అంటే డ్యూటీ బట్టలు, పెట్టుకుని రెండు రోజులు నిదానంగా నడుపుకుంటూ వచ్చా.

ఒక మాట ముందే చెప్పేస్తా. క్లినిక్ లోపల నేను కెమెరా తీయను, ఫోను లాకర్లోనే ఉంటుంది. పేషెంట్ల సంగతులు బయటపెట్టకూడదని హిపా చట్టం ఉంది. ఆ చట్టం లేకపోయినా నేను పెట్టను. ఇవాళ చెప్పబోయేది కూడా ఒక్కరి కథ కాదు. రెండు మూడు రాష్ట్రాల్లో చూసినవి కలిపి, ఎవరూ పోల్చుకోలేకుండా మార్చి చెబుతున్నా.

నేను ఎల్పీఎన్‌ని, అంటే లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సుని. టెక్సస్‌లో మమ్మల్నే ఎల్వీఎన్ అంటారు, కాలిఫోర్నియాలోనూ అంతే. పేరు మారినా పరీక్ష ఒకటే, ఎన్‌క్లెక్స్-పీఎన్. దాదాపు ఏడాది కోర్సు, ఆ తర్వాత ఈ పరీక్ష. ఆర్‌ఎన్‌ల, అంటే రిజిస్టర్డ్ నర్సుల చదువు వేరు, పరీక్ష వేరు. మరి టెక్సస్ లైసెన్సుతో అయోవాలో ఎలా పనిచేస్తున్నావు అని చాలామంది అడిగారు. నర్సుల లైసెన్సు కాంపాక్ట్ అని రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది. ఇప్పుడున్న రూపంలో 2018 జనవరి నుంచి నడుస్తోంది, 40కి పైగా రాష్ట్రాలు చేరాయి. సొంత ఇల్లు కాంపాక్ట్ రాష్ట్రంలో ఉండి, మల్టీస్టేట్ లైసెన్సు తీసుకుంటే మిగతా కాంపాక్ట్ రాష్ట్రాల్లో మళ్ళీ లైసెన్సు అక్కర్లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఇందులో లేవు. అక్కడికి వెళ్ళాలంటే విడిగా అప్లై చేసుకోవాల్సిందే.

లైసెన్సు ఒకటే అయినా ఏ పని చేయొచ్చు, ఏది చేయకూడదు అన్నది రాష్ట్రం రాష్ట్రానికీ మారుతుంది, క్లినిక్ క్లినిక్‌కీ మారుతుంది. అందుకే కొత్త చోట మొదటి రోజు నేను అడిగేది రెండే. ఇక్కడ ఎల్పీఎన్ ఏం చేయకూడదు? ఎమర్జెన్సీ బాక్సు ఎక్కడుంది? కాఫీ మెషీను ఎక్కడుందో మూడో రోజు తెలిసినా పర్లేదు. ఈ క్లినిక్‌లో ఎవరైనా ఫోన్ చేసి ఛాతీలో బరువుగా ఉందంటే నేను సలహా చెప్పకూడదు, లైను కట్ కాకుండా వెంటనే ఆర్‌ఎన్‌కి అందించాలి. పేషెంటు చెప్పింది, నేను చూసింది ఉన్నదున్నట్టు రాయడం నా పని. అది ఏమై ఉంటుందో తేల్చడం వాళ్ళ పని. ఈ గీత ఎక్కడుందో తెలియకపోతే పేషెంటుకే నష్టం.

పనంటారా, ఉదయం వెళ్ళగానే వ్యాక్సీన్ ఫ్రిజ్ చూస్తా. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, రాత్రంతా ఎంతెంత ఉందో రీడింగ్ రాసుకోవాలి. తేడా వస్తే మందు పారేయకూడదు, అలాగని వాడకూడదు. పక్కన పెట్టి, వాడొద్దని చీటీ అంటించి ఫోన్ చేయాలి. ఆ తర్వాత సాయంత్రం దాకా పేషెంట్లు. పేరు పిలవడం, పేరూ పుట్టినతేదీ వాళ్ళ నోటితోనే చెప్పించడం, బరువు, బీపీ, నాడి, వాడుతున్న మందులు. మధ్యలో ఇంజెక్షన్లు, ఈసీజీలు, చెవిలో గులిమి తీయడాలు. డాక్టరు గదిలోకి రాకముందు ఆ ఎనిమిది పది నిమిషాలే నావి.

ఆ నిమిషాల విలువ నాకు ఒక తప్పు వల్ల తెలిసింది. మొదటి కాంట్రాక్టు, వేరే రాష్ట్రం. వెనక నలుగురు ఎదురుచూస్తున్నారన్న కంగారులో ఒక పెద్దాయనకి స్వెటర్ చేతి మీదే బీపీ పట్టీ చుట్టేశా. పట్టీ కూడా ఆయన చేతికి చిన్నది. 168 వచ్చింది, అదే రాసేశా. డాక్టరు మందు పెంచబోతూ ఎందుకో ఆగి, ఇంకోసారి చూడమన్నారు. ఆర్‌ఎన్ వచ్చి ఆయన్ని ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టి, స్వెటర్ విప్పించి, పెద్ద పట్టీ వేసి చూస్తే 138. ఆ మందు పెరిగుంటే ఆయన ఇంటికెళ్ళి బాత్‌రూమ్‌లో కళ్ళు తిరిగి పడిపోయేవారేమో అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రోజు నుంచి ఎంత ఆలస్యమైనా ఆ ఐదు నిమిషాలు నేను వదులుకోలేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చే మన అమ్మానాన్నలు. వాళ్ళు క్లినిక్‌కి వచ్చినప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది, దాన్నిండా మాత్రల షీట్లు. సగం చింపినవి, పేరున్న వైపే కత్తిరించినవి. పక్కన కూతురో కొడుకో ఫారంలో రాస్తారు: బీపీ మాత్ర, షుగర్ మాత్ర, థైరాయిడ్ మాత్ర. ఇక్కడి కంప్యూటర్లో టెల్మా అని మన దగ్గరి బీపీ మాత్ర బ్రాండు పేరు కొడితే ఏమీ రాదు. టెల్మిసార్టాన్ అని అసలు మందు పేరు కొట్టాలి. టెల్మా వేరు, టెల్మా-హెచ్ వేరు, టెల్మా-ఏఎమ్ వేరు. హెచ్ అంటే నీరు తీసే మందు కలిసింది, ఏఎమ్ అంటే ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు కలిసింది. తోకలో ఒక్క అక్షరం వదిలేస్తే ఒక మందే వదిలేసినట్టు.

ఒక పెద్దావిడ వచ్చారు. అప్పుడప్పుడు కళ్ళు తిరుగుతున్నాయట, ఒళ్ళు వణికి చెమటలు పడుతున్నాయట. ఫారంలో షుగర్‌కి మెట్‌ఫార్మిన్ అని ఉంది. నన్ను చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. "తెనాలండీ" అన్నా. అంతవరకే. వైద్యం మాటలు నేను తెలుగులో అడగకూడదు. నేను పనిచేసిన చోట్ల, పరీక్ష పాసైన దుబాసీ చేతే అడిగించాలి, కూతురి చేత కూడా చెప్పించకూడదు. ఫోన్లో దుబాసీ లైనుకి వచ్చారు. నేను ఇంగ్లిష్‌లో అడగడం, ఆయన తెలుగులో అడగడం, ఆవిడ నా వైపు చూస్తూ జవాబివ్వడం. తెలుగు వచ్చి కూడా అలా కూర్చోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. కానీ నియమం ఎందుకో నాకు తెలుసు. నా ఊహ ఆవిడ మాటలో కలవకూడదు.

"భోజనం మానేస్తున్నారా?" అని అడిగించా. "లేదు, ఏనాడూ మానను" అన్నారు. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడా అలాగే అంటుంది. మళ్ళీ అడిగించా, వారంలో ఏదైనా రోజు ఒక్కపొద్దు ఉంటారా అని. "శనివారం ఉంటానుగా, ముప్ఫై ఏళ్ళ నుంచి." వణుకు వచ్చేది ఏ రోజో అడిగితే కాస్త ఆలోచించి, శనివారం సాయంత్రాలే అన్నారు. ఆ రోజు మంగళవారం, అందుకే వేలి మీద చూసిన షుగర్ మామూలుగానే ఉంది. కవరు తీయించా. అందులో ఉన్నది గ్లైకోమెట్-జీపీ. అది మెట్‌ఫార్మిన్ ఒక్కటే కాదు, గ్లిమెపిరైడ్ కూడా కలిసిన మాత్ర. మెట్‌ఫార్మిన్ ఒక్కటీ వేసుకుంటే షుగర్ అంతగా పడిపోవడం అరుదు, గ్లిమెపిరైడ్ మాత్రం తిండి లేకపోతే పడేస్తుంది. రెండు పేర్లూ, మోతాదూ, శనివారం సంగతీ రాసి డాక్టరుకి చెప్పా. మందు ఏం మార్చాలో డాక్టరే చూసుకున్నారు. ఉపవాసం మానమని ఎవరూ అనలేదు, ఆ రోజు మాత్ర సంగతి మాట్లాడారు.

మీ అమ్మానాన్నలు వస్తున్నట్టయితే బయల్దేరేముందు ప్రతి షీటు వెనకా చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు, మిల్లీగ్రాములు ఫోటో తీయించుకోండి. కవరు కూడా తెండి. డోలో, క్రోసిన్ అన్నా ఇక్కడి టైలెనాల్ అన్నా ఒకటే మందు, పారాసిటమాల్‌నే ఇక్కడ అసిటమినోఫెన్ అంటారు. నొప్పికి ఇదీ, జ్వరానికి అదీ అని రెండూ వేస్తే లివరు మీద పడుతుంది. ఏ మాత్రా మీ అంతట మీరు ఆపేయకండి, అడగండి.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతా. ఎల్పీఎన్‌లకి ట్రావెల్ ఉద్యోగాలు ఎక్కువగా నర్సింగ్ హోముల్లో దొరుకుతాయి, క్లినిక్‌లలో తక్కువ. గంటల జీతం కాక అద్దెకీ తిండికీ విడిగా ఇస్తారు. దానికి పన్ను పడకూడదంటే సొంతూళ్ళో ఇంటి ఖర్చు నిజంగా మనం భరిస్తూ ఉండాలి. కాంట్రాక్టు మధ్యలో రద్దయిన సందర్భం నాకూ ఒకటుంది. అందుకే నెల అద్దె ఎప్పుడూ చేతిలో ఉంచుకుంటా.

వేళ్ళు మామూలయ్యాయి. వెళ్ళేముందు తెనాలికి ఫోన్ చేశా, అక్కడ ఇప్పుడు సాయంత్రం. "అమ్మా, నీ బీపీ మాత్ర పేరు చదువు" అంటే "అంత సన్న అక్షరాలు నాకెక్కడ కనబడతాయే, టెల్మా" అంది. "టెల్మా తర్వాత ఏముంది?" నాన్న కళ్ళజోడు వెతుక్కుని వచ్చి, షీటు వీడియోకాల్‌లో కెమెరాకి ఆనించి పెట్టారు. చెయ్యి వణుకుతోంది, ఏమీ కనబడట్లేదు. "కొంచెం వెనక్కి పెట్టు నాన్నా… ఇంకొంచెం… ఆ, అక్కడే ఆపు."